బార కొలిచి, తేదీ రాసి: ఉచ్చదశలో ఇద్దరు బాక్సర్లను తలపడేసి చూసే పద్ధతి

నాందేడ్ జిల్లా బిలోలిలో నాది కుట్టు దుకాణం. మంజీరా వంతెన దాటితే సాలూర, ఆ పైన బోధన్, ఇంకొంచెం వెళితే నిజామాబాద్. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, కొట్లో వచ్చినవారిని బట్టి ఏదో ఒకటి. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022 మే నెలలో ఇస్తాంబుల్‌లో ప్రపంచ చాంపియన్ అయినప్పటి నుంచి నా కొట్టు ముందు బల్ల మీద ఒకటే తగాదా. మేరీ కోమ్, నిఖత్ ఇద్దరూ మంచి జోరు మీదున్న రోజుల్లో తలపడి ఉంటే ఎవరు నెగ్గేవారు? కుండల్‌వాడి నుంచి వచ్చే మా బావమరిది మేరీ పక్షం. నేను నిఖత్ పక్షం. చాలాకాలం అరుచుకున్నాక తెలిసిందేమిటంటే, మేమిద్దరం ఒకే పందెం గురించి మాట్లాడుకోవడం లేదు. అతని మనసులో ఉన్నది 48 కిలోల మేరీ. నా మనసులో ఉన్నది 52 కిలోల నిఖత్. నియమాల మాట ఇద్దరమూ ఎత్తలేదు.

అప్పుడు ఆర్డర్ల పుస్తకం వెనక పేజీల్లో ఒక పద్ధతి రాసుకోవడం మొదలుపెట్టాను. కొలతలు తీసుకోకుండా గుడ్డ కత్తిరించే దర్జీ ఎవరూ ఉండరు కదా, వాదనకు మాత్రం కొలతలు ఎందుకు వద్దు అని. ఆ పద్ధతి ఇది. ఏ కాలపు బాక్సర్లకైనా పనికొస్తుంది.

మొదటి అడుగు: ప్రశ్నను పూర్తిగా రాయండి

"ముహమ్మద్ అలీ గొప్పా, మైక్ టైసన్ గొప్పా?" అన్నది వేరే లెక్క. గొప్పతనం తేల్చాలంటే ఎన్నేళ్లు నిలిచారు, ఎవరెవరిని ఓడించారు అన్నవన్నీ చూడాలి. మనకు కావలసింది ఒక్క రాత్రి జరిగే పందెం. అందుకని కాగితం మీద నాలుగు ఖాళీలు వదలండి: మొదటి మనిషి ఏ తేదీ నాటి మనిషి, రెండో మనిషి ఏ తేదీ నాటి మనిషి, ఎంత బరువు దగ్గర, ఏ నియమాలతో. ఆ నాలుగూ నిండేదాకా ఎవరు గెలుస్తారన్న మాట రాకూడదు. మా బల్ల దగ్గర ఈ కట్టు తప్పినవారు అందరికీ చాయ్ తాగించాలి. ఎక్కువసార్లు తాగించింది నేనే.

ఈ పని యంత్రానికి అప్పగిస్తే తీరిపోతుందనుకునేవారికి ఒక పాత కథ. 1969లో రాకీ మార్సియానోను, ముహమ్మద్ అలీని తీసుకొచ్చి ఉత్తుత్తి పోరు చిత్రీకరించారు. ఎవరు ఎప్పుడు పడాలో కంప్యూటర్ చెబుతుందన్నారు. అప్పటికి 13 ఏళ్ల క్రితమే ఆట మానేసిన మార్సియానో, దాని కోసం ఒళ్లు తగ్గించి, నెత్తికి విగ్గు పెట్టుకుని వచ్చాడు. చిత్రం తెరమీదికి రాకముందే, ఆ ఆగస్టు 31న విమాన ప్రమాదంలో పోయాడు. 1970 జనవరిలో అమెరికా థియేటర్లలో చూసినవారికి 13వ రౌండులో అలీ పడిపోయాడు. ఐరోపాలో చూసినవారికి అలీయే గెలిచాడు. కంప్యూటర్ ఒకటే, ప్రేక్షకులు వేరు.

రెండో అడుగు: ఉచ్చదశకు తేదీ వేయండి

అసలు తగాదా అంతా ఇక్కడే ఉంటుంది కాబట్టి దీని మీద ఎక్కువసేపు కూర్చోవాలి. "అలీ మంచి రోజులు" అంటే చాలదు. ఏ సంవత్సరం, వీలైతే ఏ పోరు రాత్రి అన్నది రాయాలి.

అలీకి నేను వేసే తేదీ 1966 నవంబరు 14. హ్యూస్టన్‌లో క్లీవ్‌లాండ్ విలియమ్స్‌ను మూడో రౌండులో ముగించిన రాత్రి. 24 ఏళ్ల వయసు, రింగ్ అంతా తిరిగే కాళ్లు. మరుసటి ఏడాది సైన్యంలో చేరనన్నందుకు బిరుదు పోయింది, లైసెన్సు పోయింది. మళ్లీ రింగ్ ఎక్కింది 1970 అక్టోబరు 26న. అంటే మూడున్నరేళ్లు, అదీ 25 నుంచి 28 ఏళ్ల మధ్య. 1974లో కిన్షాసాలో ఫోర్‌మన్‌ను ఎనిమిదో రౌండులో పడగొట్టిన అలీ వేరే మనిషి. తాళ్లకు ఆనుకుని, దెబ్బలు ఓర్చి, ఎదుటివాణ్ణి అలసిపోనిచ్చి గెలిచాడు. తెలివి పెరిగింది, కాళ్లు తగ్గాయి. ఏ అలీ కావాలో ముందే ఎంచుకోండి. 1966 కాళ్లు, 1974 గుండె కలిపి ఒకే మనిషిని కుట్టకూడదు. ఇద్దరి కొలతలతో ఒక చొక్కా కుడితే అది ఎవరికీ పట్టదు.

టైసన్‌కు నేను వేసే తేదీ 1988 జూన్ 27. మైకేల్ స్పింక్స్‌ను 91 సెకన్లలో ముగించిన రాత్రి. ఇంకో మూడు రోజులకు 22 నిండుతాయి. ఆ ఏడాదే తన శిక్షకుడు కెవిన్ రూనీని వదిలేశాడు. తల కదుపుతూ, మూల నుంచి మూలకు జరుగుతూ లోపలికి దూరే ఆట అక్కడి నుంచి పలచబడి, ఒక్క గుద్దు కోసం వెతుక్కునే ఆటగా మారింది. 1990 ఫిబ్రవరి 11న టోక్యోలో బస్టర్ డగ్లస్ చేతిలో పదో రౌండులో పడ్డవాడి వయసు ఇంకా 23. ఉచ్చదశ అంటే వయసు ఒక్కటే కాదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. కార్నర్‌లో, అంటే రౌండ్ల మధ్య సలహా చెప్పే చోట, ఎవరున్నారు, సాధన ఎలా సాగింది అన్నదీ అందులోదే.

కొన్నిసార్లు అయిదు నెలలు చాలు. 1980 జూన్ 20న మాంట్రియల్‌లో రాబర్టో డురాన్ 15 రౌండ్లు తోసుకుంటూ వెళ్లి షుగర్ రే లియొనార్డ్‌ను ఓడించాడు. నవంబరు 25న న్యూఆర్లీన్స్‌లో అదే డురాన్ ఎనిమిదో రౌండులో చాలు అని తిరిగి వెళ్లిపోయాడు. మధ్యలో ఒళ్లు పెంచి, మళ్లీ హడావిడిగా తగ్గించుకున్నాడు. ఇది 1980 నాటి డురాన్ అని రాస్తే ఏ డురాన్ అన్నది తేలనే లేదు.

తేదీ వేసేటప్పుడు నేను చూసేవి రెండు. ఆ తేదీకి ముందు ఏడాదిన్నరలో గట్టివారిని ఎంతమందిని ఓడించారు అన్నది ఒకటి. ఆట దేని మీద నిలబడింది అన్నది రెండోది. కాళ్ల మీద నిలబడిన ఆట ముందు పోతుంది, గుద్దు బలం చివరిదాకా ఉంటుంది. జార్జ్ ఫోర్‌మన్ 1994 నవంబరు 5న 45 ఏళ్ల వయసులో మైకేల్ మూరర్‌ను పదో రౌండులో పడగొట్టి మళ్లీ చాంపియన్ అయ్యాడు. అప్పటిదాకా పాయింట్లలో వెనకబడి ఉన్నాడు, ఒక్క కుడిచెయ్యి చాలింది.

జరిగిన పందెం ఉంది కదా, ఇక ఊహ ఎందుకు అని అడిగేవారు ఎప్పుడూ ఒకరుంటారు. మేవెదర్, పక్వియావో 2015 మే 2న తలపడ్డారు. మేవెదర్ వయసు 38, పక్వియావోకు 36. జనం అడిగింది 2009లో, అప్పుడు రక్తపరీక్షల పేచీతో మాట కుదరలేదు. 2015 రాత్రి 2009 ప్రశ్నకు జవాబు కాదు.

మన తగాదాలోనూ ఇదే చిక్కు. మేరీ, నిఖత్ తలపడ్డ వాటిలో అందరూ చెప్పుకునేది 2019 డిసెంబరు 28న, ఢిల్లీలో, ఒలింపిక్ అర్హత పోటీలకు జట్టును ఎంచే ట్రయల్. మేరీ 9-1తో గెలిచింది. బావమరిది ఈ అంకెను జేబులో పెట్టుకు తిరుగుతాడు. అప్పటికి మేరీకి 37, నిఖత్‌కు 23. మేరీ ఆరు ప్రపంచ స్వర్ణాలూ (2002, 2005, 2006, 2008, 2010, 2018) వెనక ఉన్నాయి, నిఖత్ రెండు ప్రపంచ స్వర్ణాలూ (2022, 2023) ముందు ఉన్నాయి. ఒకరు కొండ దిగుతున్నారు, ఒకరు ఎక్కుతున్నారు. అయితే నా పక్షానికి అనుకూలంగా ఉందని దీన్ని మరీ లాగకూడదు. అంతకు రెండు నెలల ముందే, అదే 51 కిలోలలో, మేరీ ప్రపంచ పోటీల్లో కాంస్యం తెచ్చింది. మరీ ఆరిపోయిన దీపమేమీ కాదు.

మేరీకి నేను 2010 రాస్తాను, బ్రిడ్జ్‌టౌన్ ప్రపంచ పోటీలు, 48 కిలోలు, 27 ఏళ్లు. నిఖత్‌కు 2022 ఇస్తాంబుల్, 52 కిలోలు, 25 ఏళ్లు. ఇద్దరికీ న్యాయంగానే ఉంది.

మూడో అడుగు: తూకం

రెండు కిలోలే కదా అని తీసిపారేసేవారు ఒకసారి గడ్డపెరుగు మానేసి, నీళ్లు మానేసి, రెండు కిలోలు దించి చూడాలి. 2018లో మేరీ పోలాండ్‌లో పోటీకి దిగేసరికి తెల్లవారుజాము. తూకానికి నాలుగు గంటలే ఉంది. బరువు రెండు కిలోలు ఎక్కువ ఉంది. గంటసేపు ఆపకుండా తాడాట ఆడి దించుకుంది, స్వర్ణమూ గెలిచింది. అది ఆమెకు చేతనైన విద్య. అందరికీ కాదు.

మేరీ ఎప్పుడు ఏ బరువులో ఆడిందో చూస్తే కథ మారిపోతుంది. మొదటి ప్రపంచ స్వర్ణం 45 కిలోలలో, తరువాత మూడు 46లో, 2010లో, 2018లో 48లో. లండన్ ఒలింపిక్స్‌లో ఆడవారి అతి తక్కువ బరువు 51 కిలోలు కాబట్టి పైకి ఎక్కక తప్పలేదు. అక్కడ నికోలా ఆడమ్స్ చేతిలో 11-6తో ఓడి కాంస్యం తెచ్చుకుంది. 51లో ఆమె గెలవలేదని కాదు, 2014 ఇంచియోన్ ఆసియా క్రీడల స్వర్ణం ఆ బరువులోదే. కానీ ఆమె సొంత ఇల్లు 46, 48. నిఖత్ ఇల్లు 50, 52. ఇద్దరినీ ఎక్కడ కలిపినా ఒకరు అద్దె ఇంట్లో ఉన్నట్టే.

తూకం ఎంత పనిచేస్తుందో చూడాలంటే షుగర్ రే రాబిన్సన్, జేక్ లామోటాల లెక్క తీయండి. ఆరుసార్లు తలపడితే అయిదు రాబిన్సన్‌వి. ఓడిన ఒక్కటీ 1943 ఫిబ్రవరి 5న డెట్రాయిట్‌లో. ఆ రాత్రి లామోటా దాదాపు 16 పౌండ్లు, అంటే ఏడు కిలోలకు పైగా ఎక్కువ ఉన్నాడు. బరువులో తక్కువ ఉండి కూడా రాబిన్సన్ మిగతావి గెలిచాడంటే అతని గొప్పతనం తెలుస్తుంది. ఆ ఒక్క ఓటమి మాత్రం తూకం ఖాతాలో వేయాలి.

తూకం రోజు కూడా చూడండి. పాతకాలంలో పోరు రోజునే తూకం. తరువాత వృత్తి బాక్సింగ్‌లో ముందు రోజుకు మార్చారు. ఈ రోజుల్లో 147 పౌండ్లకు తూగినవాడు మర్నాడు రింగ్‌లో దానికంటే బాగా బరువుగా ఉంటాడు. 1950ల మనిషిని, ఇప్పటి మనిషిని ఒకే బరువు అని పక్కపక్కన నిలబెడితే ఒకరికి అన్యాయం చేసినట్టే.

నాలుగో అడుగు: ఎవరి నియమాలు?

మా పక్కన, వంతెన అవతల, హున్సా అనే ఊరుంది. ఏటా హోలీ రోజున అక్కడ పిడిగుద్దులాట ఆడతారు. నడుమ తాడు కట్టి, రెండు వర్గాలుగా నిలబడి, కొద్ది నిమిషాలు పిడికిళ్లతో గుద్దుకుంటారు. తరువాత కౌగిలించుకుని ఇళ్లకు పోతారు. తూకం లేదు, జడ్జీలు లేరు. ఎవరు గెలిచారని అడిగితే నవ్వుతారు. బాక్సింగ్‌లో గెలుపు అనేదాన్ని తయారుచేసేది నియమాలే. అవి మారితే గెలిచేవారు మారతారు.

వృత్తి బాక్సింగ్‌లో ముఖ్యమైన మార్పు రౌండ్లు. 1982 నవంబరు 13న రే మాన్సినీతో పోరులో దెబ్బతిన్న కొరియా బాక్సర్ కిమ్ డుక్ కూ రోజుల వ్యవధిలో చనిపోయాడు. ఆ తరువాతే 15 రౌండ్ల బిరుదు పోరాటాలు 12కు తగ్గాయి. మూడు రౌండ్లు అంటే తొమ్మిది నిమిషాలు. 1971 మార్చి 8న ఫ్రేజియర్ ఎడమ హుక్‌తో (మోచెయ్యి వంచి పక్క నుంచి కొట్టే గుద్దుతో) అలీని కిందపడేసింది 15వ రౌండులో. 12 రౌండ్ల నియమంలో ఆ గుద్దే లేదు. 1987 ఏప్రిల్ 6న లియొనార్డ్, హాగ్లర్ పోరు 12 రౌండ్లకు, పెద్ద రింగ్‌కు కుదిరింది. హాగ్లర్ ఓడింది అందుకేనని అతని పక్షంవారు ఈ రోజుకూ అంటారు. జడ్జీల మధ్య చీలిన తీర్పుతో పోయిన పందెం మీద అంత అక్కసు సహజమే.

అమెచ్యూర్ ఆటలో, అంటే ఒలింపిక్స్ లాంటి పోటీల్లో, చిక్కు మరీ ఎక్కువ. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో రాయ్ జోన్స్‌ను ఓడిపోయినట్టు ప్రకటించిన తీర్పు మీద పెద్ద గొడవ జరిగాక, 1992 నుంచి 2012 దాకా ఒలింపిక్స్‌లో జడ్జీలు మీటలు నొక్కి లెక్కించారు. చాలాకాలం అయిదుగురిలో ముగ్గురు ఒక్క సెకను లోపల నొక్కితేనే ఆ గుద్దుకు ఒక పాయింటు. తరువాత రౌండు నెగ్గినవారికి పది, ఎదుటివారికి తక్కువ ఇచ్చే పది పాయింట్ల పద్ధతి వచ్చింది. కాబట్టి లండన్‌లో 11-6 అంటే లెక్కలోకి వచ్చిన గుద్దులు. ఇస్తాంబుల్‌లో నిఖత్ థాయ్‌లాండ్ బాక్సర్ జుతామస్‌ను 5-0తో ఓడించిందంటే అయిదుగురు జడ్జీలూ ఆమె వైపు అని. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి "అయిదు తేడా, అయిదు తేడా" అని సమానం చేసినవాణ్ణి నేను చూశాను. అద్దంలోనే చూశాను.

ఆడవారి రౌండ్లు లండన్‌లో రెండేసి నిమిషాలవి నాలుగు, టోక్యో ఒలింపిక్స్ నాటికి మూడేసి నిమిషాలవి మూడు. ఎనిమిది నిమిషాలు కాస్తా తొమ్మిది అయ్యాయి. రౌండు పొడవు పెరిగింది, మధ్యలో ఊపిరి తీసుకునే విరామం ఒకటి తగ్గింది. మెరుపులా దూరి బయటపడే ఆటకు రెండు నిమిషాల రౌండు మేలు. దూరం నిలబెట్టి ఒత్తిడి పెంచే ఆటకు మూడు నిమిషాలు మేలు.

అయిదో అడుగు: బార కొలవండి

నా సొంత విద్య ఇది కాబట్టి ఓపిక పట్టండి. బాక్సింగ్‌లో రీచ్ అంటారు. మనకు అంతకంటే పాత మాట ఉంది, బార. రెండు చేతులూ పక్కలకు చాపితే ఒక కొస నుంచి ఇంకో కొసకు ఉన్న పొడవు. అలీ బార 78 అంగుళాలు, టైసన్ బార 71. ఏడు అంగుళాల తేడా అనగానే అందరూ అలీ చెయ్యి ఏడు అంగుళాలు పొడుగు అనుకుంటారు. తప్పు. బారలో రెండు చేతులూ, భుజాల వెడల్పూ ఉన్నాయి. ఒక్కో చేతికి మూడున్నర అంగుళాలకు మించదు.

ఆ మూడున్నర ఎంతో కళ్లతో చూడాలని ఒక రోజు కొట్లోనే ప్రయోగం చేశాం. కాజాలు కుట్టే కుర్రాడి బార 64 అంగుళాలు వచ్చింది. పాంటు పొడుగు చేయించుకోవడానికి వచ్చిన కాలేజీ అబ్బాయిది 71. ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి, పొడుగబ్బాయిని ఎడమ చెయ్యి పూర్తిగా చాపి, కాజాల కుర్రాడి నుదుటికి పిడికిలి ఆనించమన్నాను. ఇద్దరి ముందు పాదాల దగ్గర గుడ్డ మీద గీసే సుద్దతో నేల మీద గీతలు గీశాను. ఇప్పుడు నువ్వు చాపు అంటే కుర్రాడి పిడికిలి పొడుగబ్బాయి ముక్కుకు నాలుగు వేళ్ల దూరంలో గాలిలో ఆగిపోయింది. అందాలంటే ముందు పాదం గీత దాటాలి. "దాటు" అన్నాను. దాటేలోపు పొడుగబ్బాయి నవ్వుతూ రెండుసార్లు నుదురు తాకాడు. ఆ ఒక్క అడుగు వేసే క్షణంలో తినే దెబ్బలే పొట్టి బాక్సర్ కట్టే సుంకం. రెండోసారి కుర్రాడు తల పక్కకు వంచుతూ దూరాడు, ఒక్కటే తగిలింది, కానీ ఈసారి అతని పిడికిలి పొడుగబ్బాయి పక్కటెముకల దగ్గర ఉంది. అక్కడ పొడుగు చేతులు అడ్డమే.

కాబట్టి బార రాసి ఊరుకోకండి. పొట్టి మనిషికి ఆ గీత దాటే విద్య ఉందా, దాటాక లోపల ఏం చేస్తాడు, పొడుగు మనిషి లోపలికి వచ్చినవాణ్ణి ఎలా ఆపుతాడు అన్నవి రాయండి. మార్సియానో బార టైసన్ బార కంటే తక్కువే, 49 పోరాటాల్లో ఒక్కటీ ఓడలేదు.

ఆరో అడుగు: పాత పోరాటాలు చూడండి, చింతగింజలతో

రికార్డు పుస్తకం చదివి పందెం తేల్చేవాడు, చొక్కా బిల్లు చూసి కుట్టు బాగుందనేవాడు ఒకటే. పోరాటం చూడాలి. చూసే పద్ధతి ఉంది.

శబ్దం తీసేయండి. వ్యాఖ్యాత గొంతు పెంచినప్పుడల్లా మన కంటికి గుద్దు తగిలినట్టే కనిపిస్తుంది. ఒక రౌండును మూడుసార్లు చూడండి. మొదటిసారి చేతులు, రెండోసారి నడుము కింద కాళ్లు మాత్రమే, మూడోసారి మీకు ఇష్టం లేని బాక్సర్‌ను మాత్రమే. ఈ మూడోది కష్టం, అందులోనే అన్నీ కనిపిస్తాయి.

రెండు గిన్నెలు పెట్టుకుని, చేతినిండా చింతగింజలు తీసుకోండి. గ్లవ్ పిడికిలి భాగంతో, ముఖానికి ముందో పక్కనో, లేదా నడుం పట్టీకి పైన ఒంటికి సూటిగా తగిలిన గుద్దుకు ఒక గింజ. చేతులకు తగిలినవి, గార్డు మీద పడ్డవి లెక్కలోకి రావు. ముగ్గురం కూర్చుని ఒకే రౌండుకు గింజలు వేస్తే నా గిన్నెలో నిఖత్‌వి 14, బావమరిది గిన్నెలో 8, కాజాల కుర్రాడికి 11. ముగ్గురం ఒకే తెర చూశాం. ఒక్క సెకనులో ముగ్గురు నొక్కాలన్న పాత నియమం కింద ఆ జడ్జీలు ఎంత అవస్థ పడ్డారో ఆ రోజు తెలిసింది. అప్పటి నుంచి ముగ్గురి లెక్కలో మధ్యదే తీసుకుంటున్నాం.

ఏ పోరాటాలు చూడాలన్నది ఇంకా ముఖ్యం. గెలిచిన మెరుపు పోరాటాలు చూడకండి. ఊహలో ఎదురుపడే మనిషిని పోలినవాడితో ఆడినవి వెతకండి. అలీ ఎదురుపడితే టైసన్ ఏం చేస్తాడో చూడాలంటే స్పింక్స్ పోరు పనికిరాదు. 1987లో టైసన్ ఆడిన రెండు పోరాటాలు తీయండి: మార్చి 7న బోన్‌క్రషర్ స్మిత్, ఆగస్టు 1న టోనీ టక్కర్. ఇద్దరూ టైసన్ కంటే అర అడుగు పొడుగు. ఇద్దరూ లోపలికి వచ్చినవాణ్ణి పట్టుకున్నారు. ఇద్దరూ ఓడారు, కానీ 12 రౌండ్లూ నిలబడ్డారు. అలాగే టైసన్ ఎదురుపడితే అలీ సంగతి తెలియాలంటే ఎడమ హుక్ ఉన్నవారితో ఆడినవి చూడాలి. 1963 జూన్‌లో హెన్రీ కూపర్ ఎడమ హుక్ అతన్ని కూలేసింది. 1971లో ఫ్రేజియర్‌దీ అదే చెయ్యి. చేతులు దించి, వెనక్కి వాలి తప్పించుకునే అలవాటుకు ఆ గుద్దే విరుగుడు.

మూగచిత్రాల కాలపు బాక్సర్లను చూసి నవ్వకండి. అప్పటి కెమెరాలు సెకనుకు తీసిన బొమ్మలు తక్కువ, ఇప్పటి వేగంతో ఆడిస్తే ఎవరైనా కోళ్లలా గంతులేస్తారు.

ఏడో అడుగు: గొలుసు లెక్క మానేయండి

ఇది చిన్న అడుగే. 1973లో ఫోర్‌మన్ ఫ్రేజియర్‌ను రెండు రౌండ్లలో ఆరుసార్లు పడగొట్టాడు. ఫ్రేజియర్ 1971లో అలీని ఓడించాడు. గొలుసు ప్రకారం ఫోర్‌మన్ అలీని నలిపేయాలి. జరిగింది తెలిసిందే. 1984లో హెర్న్స్ డురాన్‌ను రెండు రౌండ్లలో పడేశాడు. అంతకు ముందు ఏడాది డురాన్ హాగ్లర్‌తో 15 రౌండ్లు ఆడాడు. ఆ హాగ్లర్ 1985లో హెర్న్స్‌ను మూడు రౌండ్లలో ముగించాడు. బాక్సింగ్‌లో శైలి శైలికి పడుతుంది, పేరు పేరుకు కాదు.

ఎనిమిదో అడుగు: ఓడేవారి తరఫున వకాలతు

మీ లెక్కలో ఓడుతున్న బాక్సర్ గెలవడానికి ఉన్న దారులన్నీ మీరే రాయండి. ఒక్కటీ తట్టకపోతే మీరు లెక్క వేయలేదు, హారతి ఇచ్చారు. ఆ తరువాత తీర్పు. "అలీ గెలుస్తాడు" అని రాయకండి. పదిసార్లు తలపడితే ఎన్నిసార్లు, ఏ రౌండు దగ్గర, ఎలా అన్నది రాయండి.

నా పుస్తకంలో 1966 అలీ, 1988 టైసన్, 15 రౌండ్లు అన్న పేజీ ఇలా ఉంది. మొదటి నాలుగు రౌండ్లు టైసన్‌వి కావచ్చు. ఎడమ హుక్ ఒకటి తగులుతుంది, అలీ పడవచ్చు, లేస్తాడు. అయిదు నుంచి అలీ మెడ వెనక పట్టి కిందికి వంచుతూ, జ్యాబ్‌తో (ముందు చేత్తో సూటిగా వేసే గుద్దుతో) నిలబెడుతూ సాగదీస్తాడు. టైసన్ ఎన్నడూ 15 రౌండ్లు పూర్తిగా ఆడలేదు. పదింటిలో ఏడు అలీవి, చాలావరకు పాయింట్ల మీద. మూడు టైసన్‌వి, మూడూ ఆరో రౌండు లోపలే. అదే పోరు 12 రౌండ్లకు, మెడ పట్టుకుంటే పాయింటు కోసే గట్టి రిఫరీతో పెడితే ఆరు, నాలుగు.

ఇక మా తగాదా. దానికి రెండు పేజీలు పట్టింది.

మొదటి పేజీ: 48 కిలోలు, లండన్ నాటి నియమాలు. నిఖత్ 52 నుంచి నాలుగు కిలోలు దిగాలి, అదీ పోటీ రోజు పొద్దున్నే తూకానికి. మేరీ పొట్టి, గీత దాటే విద్య పుట్టుకతో వచ్చినట్టుంటుంది. రెండు మూడు గుద్దులు వేసి, ఎదుటివారి చెయ్యి వచ్చేలోపు బయట ఉంటుంది. రెండు నిమిషాల రౌండు, లెక్కకు వచ్చే సూటి గుద్దు, రెండూ ఆమెవే. మేరీ 7, నిఖత్ 3. నా చేత్తో నేనే రాశాను.

రెండో పేజీ: 51 కిలోలు, మూడు నిమిషాల రౌండ్లు మూడు, పది పాయింట్ల పద్ధతి. ఇప్పుడు మేరీ మూడు కిలోలు పైకి వచ్చింది. నిఖత్ పొడుగు, దూరం నుంచి తిన్నగా వచ్చే గుద్దులు, రౌండు చివరి నిమిషంలో తగ్గని వేగం. మేరీ గీత దాటిన ప్రతిసారీ సుంకం కడుతుంది. ఆమెకు ఉన్న దారి ఒకటి, 2019లో చేసినట్టు తను ముందు కదలకుండా నిఖత్‌ను రానిచ్చి ఎదురు కొట్టడం. 25 ఏళ్ల నిఖత్ అలా తొందరపడుతుందా అన్నదే ప్రశ్న. నిఖత్ 6, మేరీ 4.

బావమరిది రెండు పేజీలూ చదివాడు. మొదటి దాని కింద సంతకం పెట్టాడు. రెండో దాని దగ్గర కలం ఆపి, "2010 మేరీ ఎందుకు బావా? ఇంచియోన్‌లో 51 కిలోలకు అలవాటు పడిన 2014 మేరీని తీసుకో" అన్నాడు.

టేపు మెడలోంచి తీసి పక్కన పెట్టి, కొత్త పేజీ తిప్పి, పైన తేదీ మార్చి రాశాను. గింజల గిన్నెలు ఎక్కడున్నాయో కాజాల కుర్రాడికి తెలుసు.